ఒకే నాడి, రెండు వాచీలు

1
కార్తీక శుద్ధ పంచమి, గురువారం

చెల్లి హాసినికి అక్క లాస్య రాసేది.

నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దన్నారు కదా, ఎక్కుతున్నావా? ఎక్కుతూనే ఉంటావు, నాకు తెలుసు. మరిదిగారి దగ్గు తగ్గిందా? దగ్గులో చప్పుడు మారితే మాత్రం ఊరుకోవద్దు, వెంటనే చూపించండి. అమ్మాయి సుభద్రకి ఏడో నెల వచ్చి ఉండాలి, అన్నం సయిస్తోందా? దాని కూతురి చెవిలో చీము ఆగిందా? ఎవరెన్ని చెప్పినా చెవిలో నూనె పొయ్యకండి. గేదె మేత ముట్టడం లేదన్నావు, దాని సంగతీ తెలియజెయ్యి. నేను బాగానే ఉన్నాను. దడ అంటావా, అది నాకెప్పుడూ ఉండేదే. జాహ్నవి అక్క కూడా బాగానే ఉందని రాద్దామనుకున్నాను గానీ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇదంతా వాచీకి చెప్పి పంపితే చిటికెలో నీకు చేరుతుంది. కానీ వాచీకి చెప్పిన మాట వాచీలోనే ఉండిపోతుంది, మా లంక సంఘం వాళ్ళు వినాలనుకుంటే వింటారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మన బడి నీళ్ళలోకి పోయేటప్పటికి నాది నాలుగో తరగతి, నీకు ఓనమాలు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. టపా పడవ పున్నమికి గానీ రాదు. అందాకా వీలున్నప్పుడు కొంత కొంత రాసి పెడతాను.

మీ గుట్ట మీద ఈ బాధ లేదు గనక వివరంగా చెబుతున్నా. ఇక్కడ లంకలో అరవై దాటిన ప్రతి మనిషి చేతికీ సంఘం వాచీ ఉండాలి. పెద్ద పోటు వచ్చేముందు అది చేతిని వణికిస్తుంది, అప్పుడు ఇంటి మీద మంచె ఎక్కాలి. వాచీలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ముందటేడు ఒక పెద్దాయన వాచీని బియ్యం డబ్బాలో పెట్టి పడుకున్నాడు, ఆ రోజు పోటుకి ఆయన్నే తీసుకుపోయింది సముద్రం. అప్పట్నుంచీ ఒక రూలు పెట్టారు. రోజుకి పది పనులకి వాచీ వాడాలి, పదీ పది రకాలు ఉండాలి. వాడలేదంటే వాచీ చెప్పేది ఈ మనిషికి అందడం లేదన్నమాట. వాచీ తీసి ఇంకొకరికిస్తారు, మనిషిని మెట్ట మీద వసతికి పంపిస్తారు. మన మంచికే పెట్టారు, కాదనను.

జాహ్నవి అక్క సంగతి నీకు తెలుసు. బావగారి భార్య, నా తోటికోడలు. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇద్దరం ఒక పొయ్యి మీదే వండుకుంటున్నాం. మగవాళ్ళిద్దరూ పోయాక ఇద్దరమే మిగిలాం. కొబ్బరి పీచు తాళ్ళు పేనుతాం. అక్క రాట్నం తిప్పుతుంది, నేను ఒళ్ళో పీచు పెట్టుకుని తాడుకి అందిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తాను. ఈ వాడలో తేలే ఇళ్ళన్నీ ఒకదానికొకటి కట్టుకుని ఉన్నది మా తాళ్ళతోనే.

అసలు విషయానికి వస్తున్నా. అక్క వాచీ ఎనిమిది నెలలుగా నా చేతికే ఉంది.

ఏం చెయ్యమంటావు? అక్కకి చూపు ఆనదు, ఆ చిన్న అద్దంలో అక్షరాలు కనపడవు. పట్టీ ఒరుసుకుంటోందని విప్పి పారేసేది. పట్టీయే ముడుచుకుపోయిందనుకున్నాను నేను. పది పనులు కాదు కదా ఒక్కటి కూడా చేసేది కాదు. రెండుసార్లు హెచ్చరిక వచ్చింది, మూడోది వస్తే మెట్టకే. అదివరకు కంటి ఆపరేషనుకని అక్కడ పది రోజులు ఉండొచ్చింది. ఒక్కరూ పేరు పెట్టి పిలవలేదట, పద్నాలుగో మంచం అనేవారట. "నన్ను మళ్ళీ పద్నాలుగో మంచాన్ని చేశావంటే చూడు" అంది. అందుకని నా వాచీ ఎడమ చేతికీ, అక్కది కుడి చేతికీ కట్టుకున్నాను. పీచు గుచ్చుకోకుండా తాళ్ళు పేనేవాళ్ళం మోచేతుల దాకా గుడ్డ చుట్టుకుంటాం కదా, దాని కింద ఎవరికీ కనపడవు.

అక్క నవ్వుతుంది. "రెండు చేతులకీ రెండు వాచీలు పెట్టుకుని, ఎంతయిందక్కా అని నన్నడుగుతావేంటే?" అంటుంది.

2
కార్తీక శుద్ధ ఏకాదశి, బుధవారం

ఇవాళ వాచీ తరగతి. పాఠం చెప్పే నూకరత్నానికి ముప్ఫై దాటి ఉంటాయి. ఈ రోజుల్లో పిల్లలకి పాత పేర్లు పెడుతున్నారు కదా, మనకేమో చిన్నపిల్లల పేర్లే ఉండిపోయాయి. మంచి పిల్ల. మనం అడిగిందే అడిగినా విసుక్కోదు.

"ఈ వారం కొత్తగా వాచీతో ఏం పని చేసుకున్నారు పిన్నిగారూ?" అని నన్నే ముందు అడిగింది.

ఇడ్లీ పిండి సంగతి చెప్పాను. పిండి గిన్నె మీద వాసెన కట్టి ఆ గుడ్డ మీద వాచీ పెడితే లోపల వేడి పెరగడం చెబుతుంది, పిండి పొంగి గుడ్డని తాకగానే మోగుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తెలివైనదాన్ని కాదు హాసినీ, భయం నేర్పింది. ఒక మనిషి పది పనులు వెతుక్కుంటే చాలు, నేను ఇరవై వెతకాలి. రెండు వాచీలూ ఒకే వేళకి ఒకే పని చేస్తే అనుమానం వస్తుంది. నా వాచీ అన్నానికి వేళ పెడితే అక్కది కళ్ళజోడు వెతకాలి. నాది కుండలో నీళ్ళ ఉప్పు చూస్తే అక్కది దీపం వేసి పీతల బుట్టలోకి చూడాలి. పేనిన తాడు పొడుగు నాది అడుగుల్లో చెబుతుంది. వెనక్కి నడిచేటప్పుడు మొదట్లో "పడిపోతున్నారా?" అని పదే పదే అడిగేది. మేం తాళ్ళవాళ్ళమని నూకరత్నం దానికేదో చెప్పి మాన్పించింది.

ఒకరోజు అక్కది తొమ్మిది పనులే అయ్యాయి, పొద్దుగూకుతోంది. నేను చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే అక్క ఒళ్ళు మండి నా కుడి చెయ్యి పట్టుకుని, "దిక్కుమాలినదానా, మా చెల్లిని చంపుతావా?" అని వాచీని తిట్టింది. చూస్తే దాన్ని కూడా "మాట్లాడారు" అని ఒక పని కింద రాసుకుంది! ఇప్పుడు పదో పని దొరక్కపోతే అక్క చేత తిట్టిస్తాను. రోజుకో కొత్త తిట్టు తిడుతుంది. ఆ మాత్రం సరదా మాకూ ఉంది.

తరగతి అయ్యాక రేవు దగ్గర మందుల పెట్టెకి వెళ్ళాను. దానికి వాచీ చూపిస్తే ఎవరి మాత్రలు వాళ్ళకి ఇస్తుంది. అక్కకి ఒంట్లో నీరు తీసే మాత్ర రోజుకి రెండు వచ్చేవి. అట్లతద్ది ముందు ఒకటయింది, తర్వాత సగం. ఈసారి అసలు రాలేదు. పెట్టె తలుపు తెరుచుకుని ఖాళీగా ఉంది, లోపలి నుంచి "మందు అవసరం లేదు, సంతోషం" అంది.

అక్క పొంగిపోయింది. "చూశావా, నేను రాయిలా ఉన్నాను."

నాకూ సంతోషమే. కానీ కాళ్ళ కడియాలు దిగడం లేదు అక్కకి. మొన్న సబ్బు రాసి లాగాను.

3
కార్తీక బహుళ తదియ, బుధవారం

పున్నమి పడవ వచ్చి వెళ్ళిపోయింది. ఈ కాగితాలు అందులో వెయ్యలేదు, దారిలో ఎవరన్నా విప్పి చదువుతారేమోనని భయమేసింది. ఇవాళ జరిగింది చూశాక వెయ్యకపోవడమే మేలనిపిస్తోంది. మేలో కీడో నాకింక తెలియడం లేదు.

తరగతిలో నూకరత్నం పెద్ద తెర దించింది. తెర మీద రెండు గీతలు ఎగుడుదిగుడుగా పోతున్నాయి, ఒకటి పచ్చనిది, ఒకటి ఎర్రనిది.

"అందరూ ఇటు చూడండి. ఈ పచ్చగీత లాస్యమ్మ పిన్నిగారి నాడి. ఎర్రది జాహ్నవి పెద్దమ్మగారిది. ఇప్పుడు రెంటినీ ఒకదాని మీద ఒకటి పెడుతున్నాను."

పెట్టింది. రెండూ ఒక్కటే గీత అయిపోయాయి. దొరికిపోయాం అనుకున్నాను.

"వెంట్రుక వాసి తేడా లేదు!" అంది ఆ పిల్ల, కళ్ళు మెరుస్తున్నాయి. "ఎనిమిది నెలల లెక్క ఇది. ఎన్నో వాడల నాడులు చూశాను, ఇలాంటిది ఎక్కడా చూడలేదు. ఇన్నేళ్ళుగా ఒకే తాడు అటొకరు ఇటొకరు పట్టుకుని, ఒకే పాట పాడుకుంటూ పేనుతున్నారు. అందుకే గుండెలు కలిసిపోయాయి!"

నమ్ముతావా? నమ్మింది. ఆ పిల్లే కాదు, వాడంతా నమ్మింది. తాళ్ళవాళ్ళం కదా, తాడు పట్టుకున్న ఇద్దరి మధ్య ఏదో ఉంటుందని మాలో అందరికీ ఉంటుంది. అవతల చెయ్యి అలిసిపోతే తాట్లోంచి ఇవతల చేతికి తెలుస్తుంది, అది నిజమే. దాన్ని పట్టుకుని ఇంత దూరం వెళ్ళారు.

సంఘం ప్రెసిడెంటు తేజస్ గారు లేచి, "అయితే రేపట్నుంచి నేనూ మా ఆవిడా తాడు పేనుతాం, మా గుండెలూ కలుస్తాయేమో" అన్నారు.

"ముందు ఆ తాడు మీ మెడకే వేస్తాను" అందావిడ వెనక వరసలోంచి. అందరూ ఘొల్లున నవ్వారు.

అక్కకి తెర కనపడదు. "ఏంటే అంత చప్పట్లు?" అని నా మోచెయ్యి పొడిచింది.

"మన గుండెలు బాగున్నాయట అక్కా."

నాకేదో తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండేది. బయటికి వస్తూ నూకరత్నాన్ని అడిగాను, "అమ్మా, మందుల పెట్టె కూడా ఈ గీతే చూస్తుందా?"

"మరి! దసరా నుంచీ పదిహేను రోజుల నాడి చూసి దాన్ని బట్టి ఇస్తుంది. అందుకే పెద్దమ్మగారి మాత్ర మానేసింది. ఇంత మంచి గుండెకి మాత్ర దేనికండీ?"

ఇంతకాలం వాచీ అంటే పది పనుల లెక్కే అనుకున్నాను హాసినీ. చేతికి ఉన్నంతసేపూ నాడి చూస్తుందని తెలుసు, కానీ ఆ నాడి ఎవరికి ఏం చేస్తుందో ఆలోచించలేదు. పెట్టె నా గుండె చూసి అక్క మాత్ర ఆపేసింది.

ఇంటికి వచ్చాక అక్కకి చెబుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను. అక్క గోడకి ఆనుకుని ఎగశ్వాసగా ఊపిరి తీసుకుంటోంది. "ఈ నవ్వులకి ఆయాసం వచ్చిందే" అంది. నేను చెప్పలేదు.

4
కార్తీక బహుళ షష్ఠి, శనివారం

మూడు రోజులుగా నాకు తోచింది చేస్తున్నాను.

కూరల్లో ఉప్పు తగ్గించాను. "చప్పిడి తిండి పెడుతున్నావేంటే, నేనేమన్నా బాలింతనా?" అని అక్క కంచం తోసేసింది. కాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టాను. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. రోజూ నొక్కి చూస్తున్నాను, ఇవాళ గుంట పూడడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

అక్క వాచీ అక్కకే కడితే సరిపోతుంది కదా, పెట్టె నిజం నాడి చూసి మళ్ళీ మాత్ర ఇస్తుంది కదా అనుకున్నాను. భోజనాలయ్యాక అక్క కునుకు తీస్తుంటే నా చేతి నుంచి విప్పి, పట్టీ చివరి రంధ్రంలో పెట్టి అక్క చేతికి కట్టాను. కాసేపు ఊరుకుంది. తర్వాత, "వాచీ సరిగా లేదు. తీసి మళ్ళీ కట్టుకోండి" అంది. తీసి కట్టాను. మళ్ళీ అదే మాట. మూడోసారి కడితే ఏమందో తెలుసా?

"ఇది జాహ్నవి గారి చెయ్యి కాదు."

అక్క చెయ్యే హాసినీ. డెబ్భై ఎనిమిదేళ్ళుగా అక్కకి ఉన్న చెయ్యి. ఎనిమిది నెలలు నా నాడి విని విని అదే అక్క నాడని నేర్చుకుంది ఆ మాయదారి వాచీ. ఇప్పుడు నిజం పెడితే తప్పంటోంది. భయపడి మళ్ళీ నా చేతికే కట్టుకున్నాను. వెంటనే "ధన్యవాదాలు జాహ్నవి గారూ" అంది.

ఇక మనిషికి చెప్పాలి. నూకరత్నానికి చెబితే అయిపోతుంది. నాలుగు ఇళ్ళు దాటి చెక్కల వంతెన మీద పోతే వాళ్ళ ఇల్లు. వంతెన దాకా వెళ్ళాను. చెబితే అక్కని మెట్టకి పంపేస్తారు, వెళ్ళినవాళ్ళ చోటు వేరే కుటుంబానికి ఇచ్చేస్తారు, అక్క ఆ మంచం మీద నన్ను తిట్టుకుంటూ ఉంటుంది అని ఆలోచించుకుంటూ నిలబడ్డాను. నీ దగ్గర దాపరికం ఎందుకు, నా గురించి కూడా ఆలోచించాను. అక్క లేని ఇంట్లో నేనొక్కదాన్నే ఎలా ఉంటాను? తాడుకి అటు చివర ఎవరుంటారు? వెనక్కి వచ్చేశాను.

బుధవారం తరగతిలో చెబుతానని ఒట్టు పెట్టుకున్నాను.

5
కార్తీక బహుళ ఏకాదశి, గురువారం

బుధవారం చెప్పలేదు. తరగతిలో అందరూ మా గుండెల గురించే మాట్లాడుతుంటే చేతి గుడ్డలు సర్దుకుంటూ కూర్చుండిపోయాను.

ఇవాళ పొద్దున్న తాడు పేనుతున్నాం. నేను నలభై అడుగులు వెనక్కి వచ్చాను. అక్క పాట ఎత్తుకోలేదు, ఆయాసంగా ఉందంది. రాట్నం చప్పుడు నెమ్మదించింది. తాడులో బిగువు తగ్గడం ముందు నా వేళ్ళకే తెలిసింది. ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది. మెలి విడిపోయి తాడు నా చేతుల్లో గిర్రున తిరిగి పీచుపీచు అయిపోయింది.

పరుగెత్తాను. అక్క రాట్నం పీటని రెండు చేతులతో పట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. పెదాలు నల్లబడ్డాయి. పడుకోబెడదామంటే పడుకోనివ్వడం లేదు, పడుకుంటే ఊపిరి అందదని చేత్తో సైగ చేసింది. నాకేం చెయ్యాలో తోచక గుడ్డ లాగేసి కుడి చేతి వాచీ మీద సాయం బొత్తాం నొక్కాను. అక్క పేరు మీద ఉన్నది కదా అది.

"జాహ్నవి గారూ, మీ నాడి కొంచెం వేగంగా ఉంది, అంతే. కూర్చుని నీళ్ళు తాగండి" అంది.

అక్క నా ఎదురుగా ఊపిరాడక పోతుంటే అది నాకు నీళ్ళు తాగమంటోంది.

చెక్కల వంతెన మీద ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. నూకరత్నం వాకిట్లో కూర్చుని ఎవరివో పట్టీలు కుడుతోంది. రెండో గుడ్డా లాగేసి రెండు చేతులూ ఆమె ముందు చాపాను. రెండు వాచీలూ చూసింది. నా మొహం చూసింది.

"పిన్నిగారూ... ఎప్పట్నుంచి?"

"ఎనిమిది నెలలమ్మా. ఆ గీతలు రెండూ నావే. అక్కకి ఊపిరి ఆడడం లేదు, మాత్ర లేదు, నావల్లే."

ఆ పిల్ల నుదురు కొట్టుకుంది. "ఆ గీతలు మెట్ట డాక్టర్లకి పంపేశాను పిన్నీ! నా పేరు పెట్టి పంపేశాను!" అని ఒక్క క్షణం ఆగి, సూదీ దారం విసిరేసి లేచింది. "ముందు పడవ. తిట్లు తర్వాత."

వైద్యం పడవ అరగంటలో వచ్చింది. నర్సమ్మ సూది వేసి, ముక్కుకి గాలి గొట్టం పెట్టి, పాదం మీద నొక్కి చూసింది. "ఒంటినిండా నీరు పట్టేసింది. ఎన్నాళ్ళయింది మాత్ర ఆగి?" అని అడిగింది.

చెప్పాను. పెట్టె మాత్ర ఆపడానికి కారణం ఎప్పుడు తెలిసిందని అడిగితే అదీ చెప్పాను. పోయిన వారం బుధవారమని. అక్క వింటోంది. ఊపిరి కోసం అవస్థ పడుతున్నా చెవులు బాగానే పని చేస్తాయి అక్కకి. తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు తిట్టు కాదు. తిట్టి ఉంటే బాగుండేది.

నన్ను పడవ ఎక్కనివ్వలేదు. చోటు లేదన్నారు.

6
కార్తీక బహుళ త్రయోదశి, శనివారం

అక్క ప్రాణానికి ఇప్పటికి భయం లేదని కబురు వచ్చింది. ఇప్పటికి అన్నారు. రేపటికి ఏమంటారో.

ఇవాళ సంఘం మీటింగు పెట్టారు. అందరి ముందూ నిలబడి చెప్పమన్నారు. చెప్పాను. ఎక్కడా తగ్గించలేదు. పట్టీ దగ్గర్నుంచి మొదలుపెట్టి, వంతెన దాకా వెళ్ళి తిరిగొచ్చిన సంగతి కూడా చెప్పాను. తేజస్ గారు తల వంచుకుని విన్నారు. ఆయన భార్య ఏడ్చింది. నూకరత్నం మాత్రం రాసుకుంటూనే ఉంది.

"ఈ పని తెలిసి చేసినవాళ్ళిద్దరినీ మెట్టకి పంపించాలి, రూలు అదే" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"పంపించండి. అక్క పక్క మంచం ఇప్పించండి" అన్నాను. వెటకారం కాదు, నిజంగానే అడిగాను.

అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒకావిడ, ఆవిడా తాళ్ళు పేనుతుంది, మెల్లగా చేతి గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. ఏం చేస్తోందో మొదట ఎవరికీ అర్థం కాలేదు. గుడ్డ చుట్టు చుట్టుగా ఒళ్ళో పడింది. ఎడమ చేతికే రెండు వాచీలు, ఒకదాని పైన ఒకటి. "మా ఆయనది" అంది. పక్కనున్న ఆవిడ తన గుడ్డ విప్పింది. ఆ తర్వాత ఇంకొకావిడ. మొత్తం ఏడుగురు. ఆ ఏడుగురికీ ఇంట్లో మంచం మీద ఎవరో ఒకరున్నారు. చూపు లేనివాళ్ళు, మతి తప్పినవాళ్ళు, వాచీ అంటే భయం ఉన్నవాళ్ళు.

నూకరత్నం రాయడం ఆపి లేచి అంది, "పది పనులు నేర్పుతున్నానని మురిసిపోయానండి. ఒక్కళ్ళ ఇంటికైనా వెళ్ళి ఎవరి చేతికి ఏది ఉందో చూడలేదు."

పది పనుల రూలు ఆపేశారు. ఇంటింటికీ వెళ్ళి చేతులు పట్టుకుని చూడాలని అనుకున్నారు. మధ్యాహ్నమే ఒక ముసలాయన్ని పడవలో పంపించారు, ఆయనకీ మాత్రలు తప్పుగానే వెళ్తున్నాయి. నన్నెవరూ ఇంకేం అనలేదు. నన్నొదిలేశారని సంతోషించాలా? ఎలా సంతోషించను?

7
మార్గశిర శుద్ధ షష్ఠి, ఆదివారం

మెట్ట ఆసుపత్రి డాక్టరమ్మ నూకరత్నంతో మాట్లాడింది. అక్క లేచి కూర్చుంటోంది, చేత్తో అన్నం కలుపుకుని తింటోంది. కానీ గుండె ఇక మునుపటిలా కాదట, ఆసుపత్రి పక్కనే ఉండాలట. లంకకి రాదు. ఎనిమిది నెలలుగా నేను దేన్ని తప్పించాలనుకున్నానో అదే జరిగింది. నేను అడ్డం పడకపోయి ఉంటే మంచి గుండెతో వెళ్ళేది, అంతే తేడా.

అక్క వాచీలోంచి నా నాడి అంతా తుడిచేసి అక్క చేతికే కట్టారట. కొత్తగా నేర్చుకుంటోందట అది.

రోజూ పదింటికి వాచీలోంచి అక్కకి ఫోను చేస్తున్నాను. మోగుతుంది, మోగుతుంది, ఆగిపోతుంది. మొన్న నర్సమ్మ ఎత్తి, "ఆవిడ మాట్లాడనంటున్నారండీ" అంది. వెనక నుంచి అక్క గొంతు వినిపించింది, నర్సమ్మని ఏదో అడుగుతోంది. ఆ గొంతు విన్నందుకే ఆ పూట అన్నం తినగలిగాను.

నూకరత్నం పాపం, మెట్ట డాక్టర్లకి తనే మళ్ళీ రాసింది, అది తప్పుడు లెక్క, రెండు గీతలూ ఒక్క మనిషివేనని. నా దగ్గరికి వచ్చి రాట్నం తిప్పుతానంది. తిప్పింది కూడా. తాడు బాగానే వచ్చింది గానీ నేను వెనక్కి నడుస్తూ నడుస్తూ ముప్ఫయ్యో అడుగులో ఆగిపోయి ఏడ్చాను. ఆ పిల్ల రాట్నం ఆపి చూస్తూ కూర్చుంది.

8
మార్గశిర శుద్ధ ద్వాదశి, శనివారం

ఇవాళ పొద్దున్న వాచీ మోగింది. అక్క పేరు చూసి చేతిలో పీచు కింద పడేసి బొత్తాం నొక్కాను.

"ఏమే" అంది.

"అక్కా, ఎలా ఉన్నావక్కా? ఆయాసం వస్తోందా? కాళ్ళు ఎలా ఉన్నాయి? మాత్రలు వేళకి ఇస్తున్నారా?"

"ఆపు. ఒక్కొక్కటీ అడుగు, వరద వచ్చినట్టు మీద పడకు."

ఆగాను. అటు నుంచి ఊపిరి వినిపిస్తోంది. బరువుగానే ఉంది, కానీ ఎగశ్వాస కాదు.

"డాక్టరమ్మ నాకొకటి చెప్పింది" అంది. "వాచీలోంచి నీ నాడి తుడిచేసే ముందు కాగితం మీద ఎక్కించి దాచిందట. ఎనిమిది నెలలూ డెబ్భై, డెబ్భై రెండు, అంతే. మందకొడి గుండె అనుకున్నానే నీది, ఎప్పుడూ దడ దడ అని ఏడుస్తావు గానీ. ఆ చివరి ఎనిమిది రోజులు మాత్రం తొంభై దాటి దిగలేదట. నిద్రలో కూడా."

నేను వాచీని చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"నాకు కనపడదు కదా, డాక్టరమ్మ నా వేలు పట్టుకుని ఆ గీత మీద నడిపించింది. అంతా గుట్టలే. అంత భయపడి కూడా నా దగ్గర నోరు తెరవలేదేంటే? ఒక్క గోడకి ఆనుకుని కూర్చున్నాం కదే మనిద్దరం."

"నువ్వు వెళ్ళిపోతావని అక్కా."

"వెళ్ళిపోయాను కదా ఇప్పుడు."

"అవునక్కా."

పెట్టేసిందేమోనని చూశాను, పెట్టలేదు. ఇంక ఆగలేక నేనే అడిగాను, "నిన్ను చూడ్డానికి రానా అక్కా? రావద్దంటే రాను."

"నేనింకా నిన్ను క్షమించలేదు" అంది. "వచ్చాక అరుస్తాను. వార్డంతా వినేలా అరుస్తాను. ఇక్కడ నాతో దెబ్బలాడేవాళ్ళు ఒక్కళ్ళు లేరు."

"సరే అక్కా."

"చూడనిచ్చేది శనివారాలే. వచ్చే శనివారం నాకేవో పరీక్షలున్నాయట, అది వద్దు. ఆ పైవారం రా."

అదేనమ్మా హాసినీ, రోజు ఖాయమయింది. మార్గశిర బహుళ ఏకాదశి, శనివారం, పొద్దున్న ఏడింటి పడవకి.